రెండో భాగం కె.కోటపాడులో ఉంది

మా చోడవరంలో ఇంటికి చుట్టాలొస్తే చూపించడానికి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. కొందరు కొత్తగా వేసిన టైల్స్ చూపిస్తారు. కొందరు మేడ మీద కుండీలో పెంచిన డ్రాగన్ ఫ్రూట్ మొక్క చూపిస్తారు. మా అత్తగారు నన్ను చూపిస్తారు.

“మా కోడలు. కాలేజీలో ఇంగిలీషు సెప్తాది. పాత పుస్తకాలు కొంటాది,” అంటారు. మొదటి రెండు మాటలూ గర్వంగానే ఉంటాయి. మూడోది మాత్రం ఇంట్లో ఎవరికో షుగరొచ్చిందని చెప్పే గొంతుతో అంటారు.

పాత పుస్తకాలంటే ఏ పాత పుస్తకాలైనా కావు. విక్టోరియా రాణి రోజుల్లో ఇంగ్లండులో ఒక నవలాకారుడు ఉండేవాడు. ఆయన పేరు ఇక్కడ చెప్పను. చెబితే తెలిసినవాళ్ళు ‘ఓ, ఆయనా’ అని పెదవి విరుస్తారు. తెలియనివాళ్ళు ఫోన్లో వెతికి ఆయన గడ్డం చూసి జడుసుకుంటారు. ఆయన నవలల మొదటి ముద్రణలు పోగుచెయ్యడం నాకున్న వ్యసనం. విశాఖపట్నంలో ఎమ్మే చదివే రోజుల్లో, ఫుట్‌పాత్ మీద బ్యాంకు పరీక్షల గైడ్ల కింద ఒకటి దొరికింది. అది మొదటి ముద్రణ అని తెలిసిన రోజున నేను పొందిన ఆనందం తర్వాత పెళ్ళిలో కూడా పొందలేదని మా ఆయనకి చెప్పాను. ఆయన ఏమీ బాధపడలేదు. తనకీ అంతేనట, మొదటి ట్రాక్టరు కొన్నప్పుడు.

మా ఆయనకి బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు ఉంది. నా వ్యసనం మీద ఆయనది వ్యాపారస్తుడి అభిప్రాయం. “డేటు దాటిపోయిన సరుకు మేం కంపెనీకి తిప్పి పంపేస్తాం. నువ్వేమో డేటు దాటినవే ఏరి ఏరి కొంటన్నావు,” అంటాడు.

స్టాఫ్ రూములో ఫిజిక్సు మేడమ్ది ఇంకో రకం ఆందోళన. “ఇవి చదవడానికా, ఇన్వెస్ట్‌మెంటా?” అని అడుగుతుంది. రెండూ కాదంటే ఆవిడకి నా మీద జాలి. అసలు మొదటి ముద్రణని ఎవరూ చదవరు. చదివితే పుస్తకం వీపు వంగుతుంది, అంచు నలుగుతుంది, విలువ పోతుంది. చదువుకోవడానికి అవే నవలలు నా దగ్గర చవక అట్టలతో ఉన్నాయి. వాటి మీద పెన్సిలు గీతలు, టీ మరకలు అన్నీ ఉన్నాయి. అసలైనవి మాత్రం బీరువాలో కలరా ఉండల మధ్య ఉంటాయి. పట్టుచీర కట్టుకోకుండా దాచుకునే ఊళ్ళో ఈ సంగతి ఎవరికైనా వివరించాల్సి రావడమే నాకు ఆశ్చర్యం.

ఆ కాలంలో ఇంగ్లండులో నవలల్ని మూడు భాగాలుగా వేసేవారు. కథ పెద్దదని కాదు. పుస్తకాలు అద్దెకిచ్చే లైబ్రరీలు ఉండేవి. ఒకే నవల మూడు ముక్కలుగా ఉంటే ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వచ్చు. ఒక్క కథ మీద మూడు అద్దెలు. మన టీవీ సీరియళ్ళవాళ్ళు ఈ తెలివి తమదే అనుకుంటారు పాపం. ఇందులో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నూటయాభై ఏళ్ళ తర్వాత నాలాంటివాళ్ళకి మూడూ ఒక్కచోట దొరకవు.

నాకు రెండు దొరికాయి. రోలుగుంట దాటాక ఒక పాత జమీందారీ బంగళాని ఖాళీ చేస్తున్నారని మా కొట్టుకొచ్చిన రైతు ఒకాయన చెబితే, స్కూటరు మీద మా ఆయనా నేనూ వెళ్ళాం. అక్కడ వారసుడు నిక్కరు వేసుకుని, బంగళా స్థలంలో కట్టబోయే ఫంక్షను హాలు ప్లాను ఫోన్లో చూసుకుంటున్నాడు. పుస్తకాలు గోనెసంచుల్లో ఉన్నాయి. నేను ముక్కుకి చున్నీ కట్టుకుని సంచులన్నీ తిరగేశాను. ఆకుపచ్చ గుడ్డ అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు, మా నవలాకారుడి మూడు భాగాల నవలలో మొదటిది దొరికింది. కాసేపటికి మూడోది దొరికింది. రెండోది లేదు. పొద్దు వాలేదాకా వెతికినా లేదు.

“రెండున్నాయి కదండి, ఇంకేటి? మధ్యదాంట్లో ఏటుంటాది,” అన్నాడు వారసుడు. సినిమా మొదలూ శుభం కార్డూ చూసి మధ్యలో బయట తిరిగొచ్చే మనిషిలా ఉన్నాడు. చివరికి విసుగొచ్చి, “అద్దాల బీరువా ఒకటి ఎన్నో ఏళ్ళ కిందటే అమ్మేసేం. కె.కోటపాడులో పశువుల డాక్టరు గారు పట్టుకెళ్ళేరు. దాంట్లో గానీ ఉండిపోయిందేమో,” అన్నాడు.

ఆ ఆదివారమే కె.కోటపాడు బస్సెక్కాను. డాక్టరు గారు ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైనా చుట్టుపక్కల ఊళ్ళలో గేదెలకి ఆయన రిటైరైన సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను వెళ్ళేసరికి గేటు బయట ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. ఆయన నన్ను చూసి, “రండమ్మా. గేదా, ఆవా?” అన్నారు.

“పుస్తకమండి,” అన్నాను.

అద్దాల బీరువా ముందుగదిలోనే ఉంది. దాన్నిండా నట్టల మందు సీసాలు. పుస్తకం బీరువాలో లేదు. ఆయన చేతిసంచిలో ఉంది. రబ్బరు గ్లవ్స్ పక్కనుంచి, సూదుల డబ్బా కిందనుంచి దాన్ని బయటికి తీసి, లుంగీకి ఒకసారి తుడిచి నా చేతికిచ్చారు. అదే ఆకుపచ్చ గుడ్డ, అదే బంగారు అక్షరం. అట్ట మీద గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ. ఒక మూల నలిగిపోయింది. మధ్యలో గుర్తుకోసం గడ్డిపరక పెట్టి ఉంది, అదీ పచ్చిది. ఇంగ్లండులో ఇలాంటి పుస్తకాన్ని తెల్ల చేతితొడుగులతో ముట్టుకుంటారని చదివాను. ఇక్కడా తొడుగులున్నాయి, కానీ వాటి పని వేరు.

“మీరు దీన్ని చదువుతారా?” అన్నాను. నా గొంతులో ఉన్నది ప్రశ్న కాదు, ఫిర్యాదు.

“మరేటి సేస్తానమ్మా? గేదె మనకి టైమిచ్చి ఈనుతాదేటి? దానిష్టమొచ్చినప్పుడు ఈనుద్ది. అందాకా పాకలో కూకోవాలి కదా. మొదట్లో డిక్షనరీ పట్టుకెళ్ళేవోణ్ని. ఇప్పుడు అక్కర్లేదు. ఎన్నిసార్లు సదివేనో.”

“మొదటి భాగం లేకుండా ఎలా అర్థమైందండి?”

“పుస్తకం తెరవగానే ఒకావిడ ఏడుస్తా మెట్లు దిగుతన్నాది. ఆవిడెవరో తెలీదు, ఎందుకేడుస్తన్నాదో తెలీదు. అయితే ఏటి? నాకాడికొచ్చే రైతులూ అంతే. కత ఎప్పుడూ మధ్యలోంచే సెప్తారు. మనం ఎనక్కీ ముందుకీ ఊహించుకోవాలి.”

ఆయన ఊహించుకోవడం మామూలుగా లేదు. ఆ రెండో భాగంలో ఒక ఎస్టేటు మేనేజరు ఉంటాడు. ఆ భాగమంతా అతనిదే. ఊరికి వరదొస్తే పడవేసుకుని మిల్లువాళ్ళ కుటుంబాన్ని ఒడ్డుకి చేరుస్తాడు. కథానాయిక తండ్రికి జబ్బు చేస్తే పక్కన కూర్చుని మందు పోస్తాడు. అద్దె కట్టలేని వితంతువు తరఫున తానే కట్టి, ఎవరికీ చెప్పొద్దంటాడు. డాక్టరు గారికి ఆ మేనేజరంటే ప్రాణం. చదువుతున్నప్పుడు పక్కనుండే రైతులకి తెలుగులో చెప్పేవారట. అలా కె.కోటపాడు చుట్టుపక్కల పాకలన్నిటిలోనూ ఒక ఇంగ్లీషు నవల నడిమి భాగం మాత్రం అందరికీ తెలుసు. గేటు దగ్గరున్న రైతు ఒకడు మా మాటలు విని లోపలికి తొంగిచూసి, “బాబూ, ఈయమ్మ గారికి తెలుసేటి మేనేజరు ఏటయ్యేడో?” అని అడిగాడు.

నాకు తెలుసు. ఆ నవల నేను ఎమ్మేలోనే చదివాను. మూడో భాగంలో ఆ మేనేజరు పరమ దుర్మార్గుడని తేలుతుంది. వీలునామా దాచేసింది అతనే. కథానాయిక తమ్ముణ్ని జైలుకి పంపింది అతనే. వరదలో పడవేసుకెళ్ళింది కూడా మిల్లువాడింట్లో ఉన్న కాగితాల కోసమే. మా నవలాకారుడు ఈ రహస్యాన్ని రెండో భాగమంతా కడుపులో దాచుకున్నాడు. విమర్శకులు దాన్ని గొప్ప శిల్పం అన్నారు. వాళ్ళలో ఎవరూ కె.కోటపాడు రాలేదు.

“సెప్పకండమ్మా,” అన్నారు డాక్టరు గారు నేను నోరు తెరవకముందే. “మిగతావి దొరికినప్పుడు నేనే సదువుకుంటాను.”

అప్పుడు బేరానికి దిగాను. నా దగ్గర ఒకటీ మూడూ ఉన్నాయనీ, రెండోది నాకిస్తే సెట్టు పూర్తవుతుందనీ చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. నేను ఎంత పొరబడ్డానంటే, ఒప్పుకుంటున్నారనుకున్నాను.

“మీకాడ మొదలూ ఆఖరూ ఉన్నాయా? అయితే అవి నాకిచ్చెయ్యండి.”

“నా దగ్గర రెండున్నాయి కదండి. ఒక్కటే ఉన్నవాళ్ళు ఇవ్వడం న్యాయం.”

“రెండున్నోళ్ళు ఇయ్యడం ధర్మం కదమ్మా,” అన్నారు చాలా మర్యాదగా. “అయినా జరిగేదంతా మధ్యలోనే జరుగుతాది. మొదట్లో పుడతారు, ఆఖర్న పెళ్ళిళ్ళు సేసుకుంటారు. అసలు కత నా కాడే ఉంది. ఆ అటూ ఇటూ మీకెందుకు?”

మజ్జిగ తాగి వచ్చేశాను.

మరోసారి వెళ్ళినప్పుడు నా చవక ప్రతిని పట్టుకెళ్ళాను. కథ తెలుసుకోవడమే కావాలంటే ఇందులో మూడు భాగాలూ ఉన్నాయి, ఉంచేసుకోండి అన్నాను. ఇంత ఉదారంగా నేనెప్పుడూ లేను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, తిరిగిచ్చేశారు.

“ఇది వేరే పుస్తకం.”

“అదేనండి. అక్షరం కూడా మారలేదు.”

“అచ్చు సూడండి, సీమలు పారినట్టుంది. ఒక కాలికి ఆ సెప్పూ ఇంకో కాలికి ఈ సెప్పూ ఏసుకుని నడుస్తామేటమ్మా?”

ఫోన్లో ఉచితంగా దొరుకుతుందని చెప్పాను. ఫోన్లో రైతులు పంపే దూడ గిట్టలు చూడడానికే తన కళ్ళు సరిపోవడం లేదన్నారు. మొదటి ముద్రణలోనే చదువుతానని పట్టుబట్టే మనిషిని నేను మొదటిసారి చూశాను. నాలా పాత పుస్తకాలు పోగుచేసే మా సంగ్రాహకుల్లో అలాంటివాళ్ళు ఒక్కరూ ఉండరు.

తర్వాత చాలాకాలం మా ఇద్దరి మధ్యా ఫోను మర్యాదలు నడిచాయి. పండగ వచ్చిందంటే ఆయన ఫోను చేస్తారు. “మొదటిదీ మూడోదీ కులాసానా అమ్మా?” అని అడుగుతారు. “కులాసా అండి. రెండోది ఎలా ఉంది?” అని నేనడుగుతాను. “బాగుంది. పొద్దున్న వడ్డాది దాకా ఎల్లి ఒక దూడని సూసొచ్చింది,” అంటారు. ఫోను పెట్టేశాక నాకు చెమటలు పోస్తాయి. మా ఆయన ఒకసారి నెయ్యి డబ్బా పుచ్చుకుని వచ్చిన డాక్టరు గారిని కొట్టులో కూర్చోబెట్టి మాట్లాడి పంపాడు. పుస్తకం ఊసెత్తారా అంటే, గేదెలకి పెట్టే వేరుశనగ చెక్క ఊసెత్తారని చెప్పాడు.

ఇంతలో మా ఇంట్లో జరగాల్సింది జరిగింది. ఆ వేసవిలో ఒక శనివారం కాలేజీ నుంచి వచ్చేసరికి బీరువా తలుపు తీసి ఉంది. మొదటిదీ మూడోదీ లేవు. పరుగున మేడెక్కాను. పాత చీర మీద గుమ్మడి వడియాలు, దాని పక్కన ఎండుమిరపకాయలు, వాటి పక్కన రెక్కలు విప్పిన పావురాల్లా నా రెండు భాగాలూ ఎండలో పడుకుని ఉన్నాయి. మా అత్తగారు నీడలో కూర్చుని కాకుల్ని తోలుతున్నారు.

“ముక్క వాసనొస్తన్నాయే. ఎండలో ఎట్టేను. నువ్వు సదువుకున్నావు గానీ నీకీ ఇంగితం లేదు,” అన్నారు.

రెండిటి వీపులూ ఒకవైపు వెలిసిపోయాయి. ఆకుపచ్చ కాస్తా ఎండు కరివేపాకు రంగు అయింది. అనడానికి తెలుగులో నాకు మాటలు దొరకలేదు, ఇంగ్లీషులో అంటే ఆవిడకి అర్థం కాదు. ఆ పూట భోజనం మానేశాను. మానేసిన సంగతి ఎవరూ గమనించకపోవడంతో సాయంత్రం టిఫిను తిన్నాను.

అప్పుడే మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. “ఆయన్ని ఆదివారాలు మనింటికి రమ్మను. ఇక్కడే కూకుని మొదటిదీ మూడోదీ సదువుకుంటాడు. కత తెలిసిపోయినాక ఇంక ఆ మధ్యదెందుకాయనకి? నీకే ఇచ్చేస్తాడు. మా యాపారంలో దీన్ని శాంపిల్ పాకెట్ అంటారు.”

నాకు నచ్చింది. నచ్చడానికి మా ఆయన చెప్పని కారణం ఇంకొకటి ఉంది. మూడో భాగంలో మేనేజరు దుర్మార్గుడని తెలిశాక డాక్టరు గారికి ఆ నవల మీదే విరక్తి పుడుతుంది. విరక్తి పుట్టినవాళ్ళు దానాలు చేస్తారు. మన పురాణాల్లో అంతా అదే కదా.

డాక్టరు గారు మొదటి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు వచ్చారు. నేను షరతులు చెప్పాను. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుస్తకం వరండా బల్ల మీదే ఉండాలి. గడ్డిపరకలు పెట్టకూడదు. తింటూ చదవకూడదు. అన్నిటికీ తలూపారు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నారు, అది ఆయన వృత్తిధర్మం. మొదటి పేజీ తిప్పే ముందు అట్టని ఒకసారి అరచేత్తో నిమిరారు. నేనూ అలాగే నిమురుతాను, కాకపోతే ధర చూశాక.

పక్కన పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నేను కాపలా కాశాను. అంతా బాగానే ఉండేది, మా అత్తగారు ఉల్లిపాయ పకోడీలు పట్టుకుని వరండాలోకి రాకపోతే.

“ఏటి బాబూ ఆ పుస్తకంలో?” అని అడిగారు ఆవిడ కుర్చీ లాక్కుని.

ఆయన అలవాటు ప్రకారం చెప్పడం మొదలుపెట్టారు. పాకల్లో చెప్పి చెప్పి ఆయనకి బాగా అలవాటైంది. ఇంగ్లీషు వాక్యం కళ్ళతో చదివి నోటితో మా వైపు తెలుగులో అనేవారు. మెట్లు దిగుతూ ఏడ్చిన ఆవిడ ఎవరో ఆ రోజే తెలిసింది. కథానాయిక పినతల్లి. “అదన్నమాట సంగతి,” అని డాక్టరు గారు పుస్తకం పక్కన పెట్టారు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ పనిమనిషి అనుకున్నారట.

ఆ రోజు నుంచి ఆదివారం మధ్యాహ్నం మా అత్తగారు సీరియలు మానేశారు. పదిహేనేళ్ళ కాపురంలో నేను ఈ పుస్తకాల గురించి ఎంత చెప్పినా చెవినెయ్యని మనిషి, వంటింట్లోంచి “ఆ హీరోయిన్ గుంటని వాళ్ళ నాన్న పంపించేడా లేదా ఏటి?” అని నన్ను అడగడం మొదలుపెట్టారు. నేను చెప్పబోతే, “వద్దు, నువ్వు సెప్పకు. నీది పాఠం సెప్పినట్టుంటాది. ఆయన సెప్తాడు,” అనేవారు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తున్నాను. నా గురించి ఇంత క్లుప్తమైన సమీక్ష ఇంకెవరూ రాయలేదు.

మొదటి భాగం చివర్లో ఒక చిన్న ఘట్టం ఉంది. ఎస్టేటు యజమాని అయిన పెద్దాయన గదిలో లేనప్పుడు మేనేజరు సొరుగు తీస్తాడు. తాళంచెవి ఒకటి జేబులో వేసుకుంటాడు. మా నవలాకారుడు దాని గురించి ఇంకేమీ అనడు. డాక్టరు గారు ఆ పేజీ దగ్గర ఆగారు. మళ్ళీ చదివారు.

“పొరపాటున ఏసుకునుంటాడు,” అన్నారు.

“సొరుగు తీసి మరీ పొరపాటేటి బాబూ?” అన్నారు మా అత్తగారు.

“పెద్దాయనకి మతిమరుపు కదండి. ఎక్కడైనా పడేస్తాడని జాగర్త సేసుంటాడు. మీకు తెలీదు, ముందు ముందు ఇతను ఎంత మంచి పనులు సేస్తాడో. నేను సదివేను.”

మా అత్తగారు నా వైపు చూశారు. నేను పేపర్లు దిద్దుకున్నాను.

మధ్యలో కొన్ని వారాలు ఆయన తన రెండో భాగాన్ని చేతిసంచిలో తెచ్చి మా అత్తగారికి చదివారు. అలా మూడు భాగాలూ ఒకే ఇంట్లో ఒకే బల్ల మీద ఉన్న మధ్యాహ్నాలు నాకు దక్కాయి. ఫొటో తీసి, మా సంగ్రాహకుల గ్రూపులో పెట్టాను. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నుంచి ఒకాయన చూసి, ‘మధ్యదాని మీద ఉన్నది గుర్రపు పేడా?’ అని అడిగాడు. గేదె అని సమాధానం ఇచ్చాను.

మూడో భాగం మొదలైనప్పటి నుంచి నాకు కంగారుగా ఉండేది. అది అత్యాశ వల్ల అనుకున్నాను. డాక్టరు గారు మేనేజరు వచ్చే పేజీల కోసం తొందరపడుతూ చదివేవారు. మిగతావాళ్ళ ప్రేమలూ దోమలూ వస్తే కళ్ళతో గబగబా జరిపేసి, “ఇదంతా మామూలేనండి,” అని మా అత్తగారికి ఒక్క ముక్కలో చెప్పేసేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక, “అంత ఆశ పెట్టుకోకండి డాక్టరు గారూ, రాసినవాళ్ళు ఎలాగైనా తిప్పుతారు,” అన్నాను. “తిప్పనీండమ్మా. ఆడు తట్టుకుంటాడు,” అన్నారు.

ఆ ఆదివారం వానగా ఉంది. కరెంటు పోతే వరండా అరుగు మీదకి, వెలుతురుకి జరిగి కూర్చున్నారు. వీలునామా దొరికే ఘట్టం. చదువుతూ చదువుతూ చెప్పడం ఆపేశారు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. మా అత్తగారు “ఏటైంది? ఎవరు దాసేరంట?” అని రెండుసార్లు అడిగారు. ఆయన పుస్తకం మూసి, నేను నేర్పినట్టే రెండు చేతులతో బల్ల మీద పెట్టారు.

“మేనేజరే,” అన్నారు.

“నాకు తెలుసు. ఆ తాళంచెవి కాడే అనుకున్నాను,” అన్నారు మా అత్తగారు, తృప్తిగా.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. “మీకు ముందే తెలుసు కదమ్మా.”

“తెలుసండి. మీరే చెప్పొద్దన్నారు.”

“అవును. నేనే వద్దన్నాను,” అన్నారు. తర్వాత, “మరి ఆ వితంతువుకి అద్దె ఎందుకు కట్టేడు? ఎవరూ సూడకుండా కట్టేడు కదా. దానివల్ల ఆడికేటి లాభం?” అని అడిగారు.

నేను లెక్చరర్ని. దీనికి నా దగ్గర సమాధానం ఉండాలి. పాత్రచిత్రణలో సంక్లిష్టత అనీ, విక్టోరియన్ సమాజపు ద్వంద్వ నీతి అనీ ఏడాదికొకసారి తరగతిలో చెబుతూనే ఉంటాను. పిల్లలు రాసుకుంటారు కూడా. “తెలీదండి,” అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఇంకా కొన్ని అధ్యాయాలు మిగిలే ఉన్నాయి.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. మా అత్తగారు పకోడీలు వేసి, ఎదురుచూసి, అవి మెత్తబడ్డాక నన్ను తినమన్నారు. “పుస్తకంలోని మనిషి కోసం అలగడమేటి? సిన్నపిల్లోడా?” అన్నారు. కాసేపటికి, “ఓసారి ఫోను సెయ్యరాదూ,” అని కూడా ఆవిడే అన్నారు. చేశాను. ఎత్తలేదు. మా ఆయన, “శాంపిల్ ఎక్కువైపోయింది,” అన్నాడు.

చివరికి నేనే బస్సెక్కాను. దారంతా చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు పాకుతుంటే, సంచి ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాను. సంచి ఎందుకు తెచ్చానంటే, ఒకవేళ ఆయన విరక్తితో రెండో భాగం ఇచ్చేస్తే పెట్టుకోవడానికి. లోపల మెత్తటి తువ్వాలు కూడా పరిచి తెచ్చాను. పరామర్శకి వెళ్ళేటప్పుడు గిన్నె పట్టుకెళ్ళినట్టు.

ఆయన ఇంట్లో లేరు. వీధి చివర ఒక పాకలో ఉన్నారంటే అక్కడికే వెళ్ళాను. గేదె నొప్పుల మీద ఉంది. ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఆకుపచ్చ పుస్తకం. చుట్టూ ఇంటివాళ్ళు. నన్ను చూసి పీట ఇంకొకటి వేయించారు.

వరద ఘట్టం నడుస్తోంది. మేనేజరు పడవ తాడు విప్పుతున్నాడు. మిల్లువాడి పెళ్ళాం పైకప్పు మీదనుంచి పిల్లల్ని అందిస్తోంది. ఆయన గొంతు మా వరండాలో ఎప్పుడూ వినని గొంతు. ఇంటి పెద్దాయన గేదె మెడ నిమురుతూ వింటున్నాడు.

“మంచోడు బాబూ మేనేజరు,” అన్నాడు ఆ పెద్దాయన. “ఆఖరికి ఏటయ్యేడో తెలిసిందేటి? సోడవరంలో మిగతా పుస్తకాలు దొరికేయన్నారు.”

డాక్టరు గారు నా వైపు ఒక్క క్షణం చూశారు.

“ఇంకా అంతదాకా రాలేదు,” అన్నారు.

నేను గేదె వైపు చూశాను.

దూడ పుట్టాక, ఆయన చేతులు కడుక్కుని నాతో పాటు ఇంటి దాకా నడిచారు. నా సంచి చూశారు. దానిలో తువ్వాలు కూడా చూసినట్టున్నారు.

“మీరు దీని కోసమొచ్చేరు కదమ్మా,” అన్నారు.

“మిమ్మల్ని చూద్దామని వచ్చానండి,” అన్నాను. అది అబద్ధం కాదు. నిజంలో పెద్ద భాగం కూడా కాదు.

“మీకే ఇచ్చేద్దామని నిన్న పైన కాయితం అట్టేసి ఉంచేను. మీరు నాకు పకోడీలు ఎట్టేరు, సదువుకోనిచ్చేరు. ఇవ్వకపోతే బాగోదు. గానీ పొద్దున్న ఈళ్ళు పిలిస్తే మళ్ళీ అట్ట తీసేసేను. ఇయ్యలేనమ్మా. మీరేటీ అనుకోకండి. ఇందులో ఆడు ఇంకా మంచోడే.”

మామూలుగా ఇలాంటి చోట నేను ఏదో ఒక మాట అంటాను. మా ఇంట్లో అందరూ నా నోటికి భయపడతారు. ఆ రోజు మాత్రం, “ఉంచుకోండి డాక్టరు గారూ,” అన్నాను. అనేశాక గానీ ఆ మాట నేనే అన్నానని తెలియలేదు. నాటింగ్‌హామ్ ఆయన ఈ సంగతి వింటే నన్ను గ్రూపులోంచి తీసేస్తాడు.

గేటు దగ్గర మజ్జిగ ఇచ్చారు. బస్సు కోసం నిలబడినప్పుడు, చాలాసేపటి నుంచి ఏదో అడగాలనుకుంటున్న మనిషిలా గొంతు సవరించుకున్నారు.

“ఆ రాసినాయనే కదా, ఇంకా చాలా రాసేడన్నారు. వాటిలో ఒక్క పుస్తకంలోనే అయిపోయేది ఏదైనా ఉందామ్మా?”

“ఒకటుందండి. నీలం అట్ట.”

“మొదటి ముద్రణేనా?”

“మొదటి ముద్రణే.”

“అందులో మేనేజర్లున్నారా?”

“లేరు. ఒక పాస్టరు గారున్నారు. ఆయన చెడ్డవాడని మొదటి పేజీలోనే చెప్పేస్తారు.”

“అయితే ఫర్వాలేదు,” అన్నారు. “అది సదువుతాను.”